నొప్పుల గదిలో ఏ మాట చెప్పాలి?

నైట్ డ్యూటీ సిస్టర్ | మంగళవారం, ఉదయం 10:15

నేను ఒక ఏరియా ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. లేబర్ రూంలో చేరి 14 నెలలైంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాను. నిద్ర పట్టడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాత్రి మూడు టేబుళ్లూ నిండి ఉన్నాయి. నేనూ, ఒక ఆయమ్మా, అంతే. మూడో టేబుల్ మీద ఇరవై ఏళ్ల అమ్మాయి, తొలి కాన్పు. నొప్పి వచ్చినప్పుడల్లా గట్టిగా అరుస్తోంది. పక్క టేబుల్ ఆవిడకి బ్లీడింగ్ ఎక్కువగా ఉంది, నా ప్రాణమంతా అక్కడే ఉంది. ఆ టెన్షన్‌లో ఈ అమ్మాయి వైపు తిరిగి ఒక మాట అనేశాను. "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకొచ్చింది?" అని. చేరిన కొత్తలో సీనియర్లు ఈ మాట అంటుంటే చెవులు మూసుకోవాలనిపించేది. నిన్న నా నోట్లోంచే వచ్చింది.

అంతే, ఆ అమ్మాయి నోరు మూసేసుకుంది. తర్వాత రెండు గంటలు మూలుగు కూడా లేదు. మంచం కడ్డీ పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, గోడవైపు చూస్తూ పడుకుంది. ముక్కాలనిపిస్తే పిలవమని ముందే చెప్పాను. పిలవలేదు. ఆయమ్మ ఎందుకో దుప్పటి తొలగించి చూసేసరికి బిడ్డ తల కనిపిస్తోంది. పరుగెత్తాను. తల్లీ పిల్లా సుఖంగా వేరయ్యారు, దేవుడి దయ. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి.

పొద్దున పాపకి బీసీజీ వేయడానికి వెళితే ఆ అమ్మాయి నా మొహం చూడలేదు.

తిట్టాలనుకుంటే తిట్టండి, పడతాను. కానీ నాకు కావాల్సింది మాటలు. ఆ గదిలో, ఆ నిమిషంలో నిజంగా చెప్పాల్సిన మాటలు. నర్సింగ్‌లో మందుల డోసులు నేర్పారు, ఇది ఎవరూ నేర్పలేదు. మీ కాన్పులో ఎవరైనా అన్న మాట గుర్తుందా? ఏ మాట పట్టుకుని గట్టెక్కారు?

గోదారి అమ్మాయి | మంగళవారం, ఉదయం 10:52

తిట్టను చెల్లీ. దాచుకోకుండా రాశావు.

నా పెద్దాడికి ఇప్పుడు పదకొండేళ్లు. ఆ రోజు బిల్లు ఎంతైందో గుర్తులేదు, డాక్టరమ్మ మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఆయమ్మ మాట గుర్తుంది. నొప్పికి ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుని, మళ్లీ సిగ్గుపడి వదిలేశాను. "వదిలేశావేం తల్లీ, పట్టుకో. నలిపెయ్. ముప్పై ఏళ్లు దుప్పట్లు పిండిన చెయ్యి ఇది, దీనికేం కాదు" అంది. ఇక వదల్లేదు. ఆవిడ గాజు నొక్కుకున్న గుర్తు నా అరచేతిలో రెండు రోజులుంది.

విశ్రాంత హెడ్ సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

అమ్మా, నిద్ర మానుకుని ఈ పోస్టు రాశావంటేనే నీ మీద నాకు నమ్మకం కుదిరింది. 34 ఏళ్లు సర్వీసు చేశాను, అందులో 22 ఏళ్లు లేబర్ రూంలోనే. నువ్వన్న మాట నేనూ అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

నన్ను ఆపింది మా ఆయమ్మ. చదువు లేదు, కానీ ఆ గదిలో అందరికంటే పాతది. ఒక రాత్రి నేను ఒక పిల్లని కేకలేసి పక్కకొచ్చాక, మెల్లగా నా దగ్గరికొచ్చి, "సిస్టరమ్మా, మీరు తిట్టాక ఆ పిల్ల కాళ్లు ఎలా దగ్గరికి లాక్కుందో చూశారా?" అంది. చూడలేదు. వెళ్లి చూశాను. మోకాళ్లు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి, భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి, దవడ బిగిసి ఉంది. అలా బిగిసిపోయిన ఒంట్లోంచి బిడ్డ ఎలా కిందికి దిగుతుంది? మనం చేసిన బిగింపు అది. ఆ రోజు నుంచి ఒక మాట అన్నాక ఎదుటి మనిషి కాళ్లు చూడటం అలవాటు చేసుకున్నాను. మాట పని చేసిందో లేదో అక్కడ తెలిసిపోతుంది.

మాటలు అడిగావు కదా. అన్నిటికంటే ముందు పేరు. "మూడో టేబులూ", "ఏయ్ అమ్మాయ్" కాదు. కేసు షీటు మీద పేరు ఉంటుంది, నొప్పుల మధ్యలో పేరు పెట్టి పిలువు. తన పేరు వినపడితే మనిషి మళ్లీ తనలోకి వస్తుంది. ఇది నేను వందలసార్లు చూశాను.

తర్వాత, చెయ్యి వేసే ముందు చెప్పు. "ఇప్పుడు లోపల పరీక్ష చేస్తాను, కాస్త చల్లగా తగులుతుంది, ఊపిరి వదులు." చెప్పకుండా చెయ్యి పెడితే ఎంత మెత్తటి చెయ్యయినా ఉలిక్కిపడుతుంది.

అబద్ధం చెప్పకు. "అయిపోయింది, అయిపోయింది, ఇంకో ఐదు నిమిషాలు" అని అందరం అంటాం. తొలిచూలు పిల్లకి గర్భసంచి ముఖం ఇంకా మూడు సెంటీమీటర్లే తెరుచుకున్నప్పుడు ఆ మాట చెబితే, గంట తర్వాత నువ్వు చెప్పే ఏ మాటా నమ్మదు. నేను ఇలా అనేదాన్ని: "ఇంకా టైం ఉందమ్మా. కానీ నొప్పి వచ్చి పోయేదే, కూర్చోడానికి రాలేదు. ఇదొక్కటీ దాటు. తర్వాత దాని సంగతి తర్వాత చూద్దాం." ఒక్కో నొప్పి నిమిషం. ఆ నిమిషం సంగతే మాట్లాడు, రాత్రంతా సంగతి మాట్లాడకు.

ఏడెనిమిది సెంటీమీటర్లు దాటాక దాదాపు ప్రతి తల్లీ ఒకటే అంటుంది, "నా వల్ల కాదు" అని. కొత్త నర్సులు "ఎందుకు కాదు, అందరూ కనడం లేదా?" అంటారు. ఆ మాట వద్దు. "నీ వల్ల కాదనిపిస్తోందంటే దగ్గరికొచ్చేశావన్నమాట. అందరికీ ఇక్కడే అలా అనిపిస్తుంది" అను. అది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, నిజం. నిజం కాబట్టే పట్టుకుంటారు.

నీకు ముగ్గురున్నారు, ఒక్కరి దగ్గరే కూర్చోలేవు. తెలుసు. అందుకే వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లు. "పక్కావిడని చూసి వస్తాను, ఈ కర్టెన్ వెనకే ఉంటాను. అరువు, నాకు వినపడుతుంది." ఆ చివరి మాట మర్చిపోకు. అరవడానికి అనుమతి ఇస్తే చాలామంది అరవరు. అరిచినా, ఆ అరుపే నీకు కబురు. నీ మూడో టేబుల్ అమ్మాయి విషయంలో పోయింది అదే, నీకు రావాల్సిన కబురు రాకుండా పోయింది.

పీజీ రెండో ఏడాది | మంగళవారం, సాయంత్రం 6:05

నేను గైనిక్ పీజీ చేస్తున్నాను. అందరితో పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను, మనసులో ఉన్నది చెబుతున్నాను. ఒక్క రాత్రిలో పద్దెనిమిది కాన్పులు చూసిన రోజులున్నాయి మాకు. బిడ్డ గుండె చప్పుడు 80కి పడిపోయినప్పుడు "అమ్మా, బంగారూ" అంటూ కూర్చుంటే బిడ్డ దక్కదు. గట్టిగా అరిస్తేనే ముక్కుతారు. నేను అరవడం వల్ల బతికిన పిల్లలున్నారు. మెత్తగా మాట్లాడటం ఖాళీ ఉన్నవాళ్లకి కుదురుతుందేమో అనిపిస్తుంది. సిస్టర్, మీరు మరీ అంత బాధపడకండి. ఆ రాత్రి మీరు పక్క టేబుల్ మీద ఒక ప్రాణం కాపాడారు.

విశ్రాంత హెడ్ సిస్టర్ | మంగళవారం, సాయంత్రం 6:30

డాక్టరు బాబూ, గట్టిగా అరువు. నేనూ అరిచాను, నా గొంతు ఆస్పత్రి గేటు దాకా వినపడేది. గొంతు పెద్దది కావచ్చు, మాట చిన్నది కాకూడదు. "ముక్కు తల్లీ, ఇప్పుడే, ఇంకా, ఇంకా!" అన్నదీ అరుపే. "బిడ్డని చంపుకుంటావా?" అన్నదీ అరుపే. రెండోది విన్న తల్లి ముక్కుతుందా, వణుకుతుందా? నువ్వే చూసి చెప్పు.

గ్రాఫుల మనిషి | మంగళవారం, రాత్రి 9:48

ఇది చదువుతుంటే మా చెల్లి గుర్తొచ్చింది. పోయినేడు తనకి సిజేరియన్ అయింది. డాక్టర్లు చేయాలనలేదు, మేమే అడిగాం. ఆరు గంటలపాటు లోపల్నించి మాకు ఒక్క కబురు లేదు, లోపల తనకీ ఎవరూ ఏమీ చెప్పలేదు. "నన్ను కోసెయ్యండి, నేను పడలేను" అని ఏడ్చింది. నేను పబ్లిక్ హెల్త్ చదువుకున్నవాడిని, అయినా మా బావతో సంతకం పెట్టించింది నేనే. తర్వాత నా చదువంతా పెట్టి దీని గురించి వెతికాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ముహూర్తాలు, ప్రైవేటు ఆస్పత్రులు, మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ అదే కావడం... కారణాలు చాలా ఉన్నాయి. భయపడి మా ఇంట్లోలాగా మనమే అడిగేవి కూడా వాటిలో ఉన్నాయి.

ఇక మాట సంగతి. 1980లో గ్వాటెమాలాలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒంటరిగా నొప్పులు పడిన తొలిచూలు తల్లులు ఒకవైపు, పక్కన ఒక మామూలు స్త్రీని కూర్చోబెట్టిన తల్లులు ఇంకోవైపు. ఆ స్త్రీ నర్సు కాదు, చుట్టం కాదు, ముందు పరిచయం కూడా లేదు. వీపు నిమరడం, చెయ్యి పట్టుకోవడం, మాట్లాడుతూ ఉండటం, ఇదే ఆవిడ పని. ఏ చిక్కూ రాకుండా కాన్పైనవాళ్లని పోల్చి చూస్తే, తోడు లేనివాళ్లకి సగటున 19.3 గంటలు పట్టింది. తోడున్నవాళ్లకి 8.8 గంటలు. చిన్న అధ్యయనమే, ఒక్కో వైపు ఇరవై మందే ఉన్నారు. కానీ తర్వాత చాలా దేశాల్లో చేసి చూశారు. 2017లో కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ వాళ్లు అలాంటి 26 అధ్యయనాలను, అంటే 15 వేల పైచిలుకు తల్లులను కలిపి లెక్కేస్తే, పక్కన మనిషి ఉన్నచోట కాన్పు సమయం సగటున 40 నిమిషాలు తగ్గింది. సిజేరియన్లు నాలుగో వంతు తగ్గాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి సిస్టర్. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఘనా, గినీ, నైజీరియా, మయన్మార్ ఆస్పత్రుల్లో లేబర్ రూంలోనే కూర్చుని గమనించారు. తిట్లు, దెబ్బలు ఎక్కువగా పడింది కాన్పుకి అరగంట ముందు నుంచి 15 నిమిషాల తర్వాత వరకు. అంటే ఆ తల్లి మన మాట కోసమే చెవి ఒగ్గి ఉన్న సమయంలో. ఇది ఒక్క మీ ఆస్పత్రిలో, ఒక్క మీ నోటితో వచ్చిన జబ్బు కాదని చెప్పడానికే రాశాను.

తెలుగు మాస్టారు | మంగళవారం, రాత్రి 10:20

వైద్యం నాకు తెలియదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠం చెప్పేవాడిని. కానీ ఈ చర్చ చూస్తుంటే మనం రోజూ అనే "శల్యసారథ్యం" గుర్తొచ్చింది. యుద్ధంలో పదిహేడో రోజు. కర్ణుడి రథం బాగుంది, గుర్రాలు బాగున్నాయి, విల్లు చేతిలో ఉంది. పగ్గాలు పట్టినవాడు మాత్రం దారి పొడుగునా నువ్వు అర్జునుడికి చాలవంటూ పొడుస్తూనే ఉన్నాడు. కర్ణుడి తేజస్సు అలా తగ్గిస్తానని ధర్మరాజుకి ముందే మాటిచ్చి వచ్చినవాడు కదా. నొప్పులు పడే తల్లికి పగ్గాలు మీ చేతుల్లో ఉంటాయి సిస్టర్.

హెడ్ సిస్టర్ గారి మాటల్లో నాకు నచ్చింది ఇంకోటి ఉంది, ఓదార్పుకైనా నిజమే చెప్పమనడం. సముద్రపు ఒడ్డున జాంబవంతుడు హనుమంతుణ్ణి ఊరికే "నువ్వు గొప్పవాడివి" అనలేదు. చిన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరినవాడివి నువ్వే కదా అని జరిగిన సంగతి గుర్తు చేశాడు. సముద్రం నూరు యోజనాల నుంచి ఒక్క అడుగు కూడా తగ్గలేదు. నేనూ పిల్లల పేపర్ల మీద "గుడ్" అని రాయడం మానేశాను. "ఈ మూడో వాక్యం బాగా రాశావు" అని రాస్తాను. మర్నాడు వాడు అలాంటి వాక్యాలు నాలుగు రాసుకొస్తాడు. మీరు కూడా "నువ్వు ధైర్యవంతురాలివి" అనే బదులు "సాయంత్రం నుంచి ఇన్ని నొప్పులు దాటావు, నేను చూస్తూనే ఉన్నాను" అనండి. అది ఆ తల్లి కాదనలేని సాక్ష్యం.

పేరు వద్దు | బుధవారం, తెల్లవారుజాము 2:15

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ అందరూ బతికిన బిడ్డల గురించి రాస్తున్నారు. మా పాప ఎనిమిదో నెలలో కడుపులోనే పోయింది. అయినా కనాలి కదా. అన్ని నొప్పులూ పడాలి, చివర్లో ఏడుపు వినపడదని తెలిసి.

ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి పాతికేళ్లు కూడా ఉండవు. కాన్పంతా ఎక్కువ మాట్లాడలేదు. "నేను ఇక్కడే ఉన్నాను అక్కా" అని మాత్రం చాలాసార్లు అంది. అయిపోయాక పాపని తుడిచి, మామూలు పిల్లలకి చుట్టినట్టే తెల్ల గుడ్డలో చుట్టి, "చూస్తావా అక్కా? తొందరేం లేదు, నీ ఇష్టం" అని అడిగింది. చూస్తానన్నాను. నా చేతుల్లో పెడుతూ, "తల జాగ్రత్త" అంది.

ప్రాణం లేని పాపకి తల జాగ్రత్త అంది.

తర్వాత కాసేపాగి "నీ ముక్కే వచ్చింది" అంది. అంతే, అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా ఏడుపు రాలేదు.

వార్డుకి వచ్చాక చుట్టాలొచ్చారు. "పోనీలే, చిన్నదానివి, మళ్లీ పుడతారు." "మన మంచికే అనుకో." "ఎక్కువ ఏడవకు, పాలు విరుగుతాయి." ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ వాళ్లందరికీ నేను జరిగింది మర్చిపోవాలి. ఆ సిస్టర్ ఒక్కతే నాకు పాప పుట్టిందని ఒప్పుకుంది. ఐదేళ్లయింది. ఇప్పుడు నాకు బాబు ఉన్నాడు. ముక్కు నాది కాదు, వాళ్ల నాన్నది. పాపది నా ముక్కు అన్న సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

సిస్టర్, మీ చేతుల్లో అలాంటి రోజు కూడా వస్తుంది. అప్పుడు ఏం చెప్పాలా అని భయపడకండి. పాపని పాపలాగే పట్టుకోండి.

గోదారి అమ్మాయి | బుధవారం, ఉదయం 6:40

పొద్దున్నే ఇది చదివి పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను. చెప్పినందుకు నీకు దండం తల్లీ. ఇప్పుడు మాక్కూడా తెలుసు, మీ పాపది నీ ముక్కే.

ఆశా అక్క | బుధవారం, మధ్యాహ్నం 1:10

నేను మా ఊళ్లో ఆశా వర్కర్‌ని. గర్భిణుల్ని 102 బండి ఎక్కించి తీసుకెళ్లేది నేనే, బయట కూర్చునేదీ నేనే. సర్కారు దవాఖానాల్లో కాన్పు వేళ ఒక ఆడమనిషిని తోడు ఉండనివ్వచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. ఇంతకుముందు కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి కావాలి. చాటు ఉన్నచోట భర్తనైనా రానివ్వచ్చు. మా దగ్గర అడిగితే ఒకరోజు రానిస్తారు, ఒకరోజు రానివ్వరు. అయినా నేను అడుగుతూనే ఉంటాను. నైట్ డ్యూటీ సిస్టర్, మీరు ఒక్కరే ముగ్గురికి మాట చెప్పలేరు. తల్లినో అత్తనో లోపలికి రానివ్వండి. మీ భారం సగం తగ్గుతుంది.

కానీ ఎవర్ని పంపుతున్నామో చూసి పంపాలి. లోపలికెళ్లి "మేం పొలం గట్టు మీద కన్నాం, నీకింత రభస ఏంది" అనే అత్తలున్నారు. అందుకే సీమంతం అప్పుడే అత్తమ్మని పక్కకి పిలిచి చెబుతాను. "అమ్మా, లోపల ఏమీ అనకు. వీపు రాయి, నీళ్లు తాగించు, 'నేనున్న బిడ్డా' అను, చాలు."

బిడ్డ పుట్టాక వచ్చే మొదటి మాట గురించి ఎవరూ రాయలేదు. తలుపు తెరుచుకోగానే బయటున్నవాళ్లు "ఏం పుట్టింది?" అంటారు. ఆడపిల్ల అంటే గొంతు పడిపోతుంది. సగం తెరిచిన తలుపులోంచి ఆ చప్పుడు లోపల తల్లికి వినపడుతుంది. అందుకని ఇప్పుడు మా ఊరి వాళ్లందరి దగ్గరా ముందే మాట తీసుకుంటున్నాను. తలుపు తెరవగానే "తల్లెట్లుంది?" అని అడగాలి. పోయిన నెల ఒక ముసలాయన, మూడో మనవరాలు పుట్టినప్పుడు, అలాగే అడిగాడు. లోపల కోడలు విన్నది. "మామ నన్నడిగిండా అక్కా?" అని నన్ను రెండుసార్లు అడిగింది.

బయట నిలబడ్డ నాన్న | బుధవారం, రాత్రి 8:30

మా ఆవిడకి వచ్చే నెల. లోపలికి రానిస్తారో లేదో తెలియదు. ఫోన్లో నేను చెప్పగలిగింది "టెన్షన్ పడకు" ఒక్కటే. నాకే టెన్షన్. ఏం చెప్పాలండీ?

గోదారి అమ్మాయి | బుధవారం, రాత్రి 8:41

"టెన్షన్ పడకు" అనకు తమ్ముడూ, పడటం ఆపడం ఆవిడ చేతిలో లేదు. "నేను తలుపు బయటే ఉన్నాను, టీ తాగడానికి కూడా వెళ్లను" అను. ఆ మాట మీద నిలబడు. మా ఆయన అలా చెప్పి నిజంగానే కుర్చీలోంచి లేవలేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

లీడ్స్ మిడ్‌వైఫ్ | గురువారం, సాయంత్రం 5:15

మాది నెల్లూరు జిల్లా. ఇంగ్లండ్‌లో మిడ్‌వైఫ్‌గా చేస్తున్నాను. ఇక్కడ నొప్పులు ఊపందుకున్నాక ఒక తల్లికి ఒక మిడ్‌వైఫ్ పక్కనే ఉండాలన్నది పద్ధతి. మీకు ముగ్గురు. అందుకే "ఇలా చెయ్యండి" అనే హక్కు నాకు లేదు, ఒక సంగతి చెబుతాను.

ఒక తెలుగమ్మాయి వచ్చింది. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడే మనిషి. నొప్పులు ముదిరేసరికి ఇంగ్లీషు మొత్తం పోయింది, ఎవరేం అడిగినా తల అడ్డంగా ఊపుతోంది. సహకరించడం లేదని అనుకున్నారు. నన్ను పిలిచారు. నేను వెళ్లి "ఏ ఊరమ్మా మీది?" అన్నాను. కళ్లు తెరిచి చూసింది. "భీమవరం" అంది. "అయితే చేపల పులుసు పెట్టించుకోవాలి నీతో" అన్నాను. నొప్పికి నొప్పికి మధ్య ఉన్న ఆ రెండు నిమిషాల్లో నవ్వింది. తర్వాత నేను చెప్పినవన్నీ అంతకుముందు వాళ్లు ఇంగ్లీషులో చెప్పినవే, కొత్తగా ఏమీ లేవు. నొప్పిలో మనిషికి అమ్మ మాట్లాడిన భాషే చెవికెక్కుతుంది. మీ దగ్గర తండాల నుంచి, గూడేల నుంచి వచ్చేవాళ్లుంటే వాళ్ల భాషలో రెండు ముక్కలు నేర్చుకోండి.

పీజీ రెండో ఏడాది | శుక్రవారం, రాత్రి 11:20

హెడ్ సిస్టర్ గారూ, మీరు చూసి చెప్పమన్నారు. మూడు డ్యూటీలు చూశాను. కాళ్లు నిజమే.

పుస్తకంలో చదివిందే, ఇన్నాళ్లూ పరీక్షకి రాసిన జవాబుగానే మిగిలింది. భయపడితే అడ్రినలిన్ పెరుగుతుంది, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ పనికి అది అడ్డుపడుతుంది. ఇంటి దగ్గర బాగా నొప్పులొచ్చి, ఆస్పత్రి గేటు దాటగానే తగ్గిపోయేవాళ్లని ఎంతమందిని చూశానో. వాళ్లకి సెలైన్‌లో మందు పెట్టి నొప్పులు పెంచుతాం. భయం తగ్గించే పని ఎవరికీ అప్పగించం.

నిన్న ఒకావిడకి బిడ్డ గుండె చప్పుడు పడిపోయింది. నేను అరవాల్సిందే. అరిచే ముందు ఆవిడ పేరు పిలిచి, "బిడ్డ గుండె నెమ్మదించింది, త్వరగా బయటికి తేవాలి. ఇప్పుడు నేను గట్టిగా మాట్లాడతాను, అది నీ మీద కోపం కాదు" అన్నాను. ఐదు సెకన్లు పట్టిందేమో. ఆవిడ నా కళ్లలోకి చూసి తలూపింది. నాలుగు నొప్పుల్లో బిడ్డ వచ్చేశాడు, వెంటనే ఏడ్చాడు. అరవడం నాకు కొత్త కాదు. ఎదుటి మనిషి నాతో కలిసి పని చేయడం కొత్త.

మెత్తగా మాట్లాడటం ఖాళీ ఉన్నవాళ్లకే కుదురుతుందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నైట్ డ్యూటీ సిస్టర్ | శనివారం, మధ్యాహ్నం 3:00

అందరివీ చదివాను. కొన్ని రెండేసిసార్లు చదివాను. "తల జాగ్రత్త" అన్న మాట నాలుగు రోజులుగా నాతోనే ఉంది అక్కా.

ఆ అమ్మాయి డిశ్చార్జి అయ్యే రోజు వార్డుకి వెళ్లాను. వాళ్లమ్మ ఫ్లాస్కు కడగడానికి వెళ్లింది. మంచం పక్కన నిలబడి, "ఆ రాత్రి నేనన్న మాట తప్పు. నిన్ను అలా అనకూడదు. క్షమించు" అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. ఆ అమ్మాయి పాపని సర్దుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అరిస్తే మీరు నన్నొదిలేసి వెళ్లిపోతారనుకున్నా సిస్టర్. అందుకే ఊరుకున్నా" అంది.

నేను కోపంతోనో పంతంతోనో నోరు మూసుకుందనుకున్నాను. ఒంటరిగా మిగిలిపోతానన్న భయంతో రెండు గంటలు పెదవి కొరుక్కుంది. పెదవి మీద ఇంకా ఆ గాటు ఉంది.

నిన్న రాత్రి నుంచి రెండు పనులు మొదలుపెట్టాను. ప్లాస్టర్ ముక్క మీద పేరు రాసి మంచం తలవైపు అంటిస్తున్నాను, ఆయమ్మ చదవలేకపోతే నేను చెబుతున్నాను. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్తున్నాను. ఒకావిడ తెల్లారి మూడింటికి "నా వల్ల కాదు" అంది. హెడ్ సిస్టర్ గారి మాట అచ్చంగా అప్పజెప్పాను. "అందరికీ ఇక్కడే అనిపిస్తుందా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే" అని మళ్లీ నా చెయ్యి అందుకుంది. కాళ్లు చూశాను. వదులుగా ఉన్నాయి.

అన్నీ కుదరలేదు. నిన్న కూడా ఒకసారి విసుక్కున్నాను. ఈసారి వెంటనే తెలిసింది, వెంటనే చెప్పాను.

రాత్రికి మళ్లీ డ్యూటీ. పగలు చేరినవాళ్లలో ఒకమ్మాయికి తెలుగు సరిగ్గా రాదట, ఉర్దూ మాట్లాడుతుంది. నాకు రాదు. "భయపడకు, నేను ఇక్కడే ఉన్నాను" అన్నది ఎవరైనా చెప్పగలరా? ఎనిమిదింటిలోపు చూస్తాను.

పాతబస్తీ ఆపా | శనివారం, మధ్యాహ్నం 3:22

"డరో నక్కో, మై యహీంచ్ హూం" అనండి సిస్టర్. "యహీం" అన్నా అర్థమవుతుంది, కానీ చివర ఆ "చ్" ఉంటేనే మా ఇంటి మాట. దాన్ని కాస్త నొక్కి పలకండి.